ఆయుధముల సంఖ్య తగ్గిన వెల పెరుగుటేల?

ఒక దేశపు రక్షణ శాఖవారు గొప్ప యుద్ధవిమానమును నిర్మింపబూనుదురు. అట్టివి నూఱులకొలది కావలయునని మొదట చెప్పుదురు. ఏండ్లు గడచును, ధనము వెచ్చమగును. తుదకు బొక్కసము తఱిగిపోవుట చూచి శాసనసభవారు, “ఇంతటితో చాలు” నందురు. నూఱులకు బదులు పదులు మాత్రమే సేనకు చేరును. అటుపిమ్మట ఒక్కొక్క విమానమునకు పడిన వెల, తొలుత చెప్పినదానికి ఎన్నో రెట్లైనదని వార్తాపత్రికలు ప్రకటించును. చదువరులు విస్తుపోవుదురు. తక్కువ కొన్నచో తక్కువ వ్యయము కావలయును గదా, వెల యేల పెరిగినది, ఎవరో అపహరించి యుందురని కొందఱు తలంతురు.

అపహరణము లేకుండగనే ఇట్లు జరుగవచ్చును. అది యెట్లో సరాసరి లెక్క నేర్చిన విద్యార్థి ఎవడైనను గ్రహింపగలడు. ఆ సంగతిని విశదపఱచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. దీనికి ఉదాహరణములను అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి విశేషముగ తీసికొనుచున్నాము. ఏలయన, ఆ దేశమున రక్షణ వ్యయములు కాంగ్రెసను శాసనసభయందు ఏటేట బహిరంగముగ చర్చింపబడును. పెక్కు పథకముల లెక్కలను తనిఖీ చేసినవారి నివేదికలు సామాన్యజనులకును లభించును. లెక్క దాచని యింటిలోనే లెక్క నేర్చుకొనుటకు వీలగును.

రెండు విధముల వ్యయము

మన చేతిలోని ఈ వార్షిక సంచికనే తీసికొందము. దీనిని అచ్చువేయించుటలో రెండు విధముల వ్యయములు గలవు. అక్షరములు కూర్చుట, తప్పులు దిద్దుట, బొమ్మలు సిద్ధపఱచుట, అచ్చుపలకలు చేయించుట – ఇవి ఒక ప్రతి వేసినను, వేయి ప్రతులు వేసినను ఒక్కమాఱే చేయవలసిన పనులు. వీనికగు ధనమును మూలవ్యయమందము. కాగితము, సిరా, కుట్టుకూలి మున్నగునవి ప్రతులెన్నియో అన్ని మాఱులు పడును. వీనికగు ధనమును ప్రతివస్తు వ్యయమందము.

లెక్క సులభమగుటకై మూలవ్యయము 20,000 రూపాయలనియు, ప్రతివస్తు వ్యయము 50 రూపాయలనియు ఊహింతము. 500 ప్రతులు వేయించినచో 20,000కు 25,000 చేర్చగా మొత్తము 45,000 రూపాయలగును. ఒక్కొక్క ప్రతికి సరాసరి 90 రూపాయలు. ధనము చాలక 100 ప్రతులే వేయింతమనుకొందము. 20,000కు 5,000 చేర్చగా 25,000 రూపాయలు. ఒక్కొక్క ప్రతికి సరాసరి 250 రూపాయలు. ప్రతులలో ఐదింట నాలుగు పాళ్లు తగ్గించితిమి. వ్యయము సగమైనను తగ్గలేదు. ప్రతి వెల దాదాపు మూడు రెట్లైనది. ఇందు అచ్చుకూటమువారి దోషమేమియు లేదు. 500 మంది పంచుకొనవలసిన బరువును 100 మంది మోసిరి, అంతియే.

మఱియొక కారణము కూడ కలదు. చేయగా చేయగా చేతికి పనితనము వచ్చును. మొదటి బుట్ట అల్లుటకు పట్టినంత కాలము నూఱవ బుట్టకు పట్టదు. టి. పి. రైట్ అను అమెరికా ఇంజనీరు 1936లో ఈ విషయమును విమాన నిర్మాణమునందు లెక్కవేసి చూపెను. నిర్మించిన విమానముల మొత్తము సంఖ్య రెట్టింపైనపుడెల్ల, ఒక్కొక్కదానికి పట్టు శ్రమ దాదాపు నూటికి 20 వంతున తగ్గుచు వచ్చునని ఆయన కనుగొనెను. సంఖ్యను ముందుగానే కోసివేసినచో, పనివారికి పనితనము పట్టుబడు వేళకే పని ముగిసిపోవును. కనుక ప్రతివస్తు వ్యయము కూడ తగ్గవలసినంత తగ్గదు.

అచ్చుపనియందు మూలవ్యయము వేలలో నుండును. నేటి యుద్ధవిమానమునందు అది వేల కోట్లలో నుండును. క్రొత్త లోహమిశ్రములను పరీక్షించుట, నమూనాలు చేయుట, కర్మాగారములు కట్టుట, పనిముట్లను చేయించుట, గణనయంత్రములకు ఆదేశములు వ్రాయుట, ఏండ్ల తరబడి ఎగురవేసి చూచుట – ఇవన్నియు మొదటి విమానము సేనకు చేరకముందే కావలయును.

బి-2 బాంబరు

శత్రువుల రాడారు యంత్రమునకు మిక్కిలి స్వల్పముగ మాత్రమే కనబడునట్టి బాంబరు విమానమును నిర్మించుటకై 1981లో అమెరికా ప్రభుత్వమువారు నార్త్రాప్ అను కంపెనీతో ఒప్పందము చేసికొనిరి. 132 విమానములు కట్టవలయునని తొలి ఉద్దేశము. పని చాలకాలము రహస్యముగ సాగెను. 1988 నవంబరు 22న కాలిఫోర్నియా రాష్ట్రమందలి పామ్‌డేల్‌లో దానిని ప్రజలకు చూపిరి. తోక లేక, ఱెక్కయే శరీరమైనట్టి ఆ వింత విమానము 1989 జూలై 17న తొలిసారి ఎగిరెను.

అది ఎగిరిన నాలుగు నెలలకే, అనగా ఆ సంవత్సరము నవంబరులో, బెర్లిను గోడ కూలెను. సోవియట్ దేశముతో రాగల యుద్ధమునకై తలపెట్టబడిన విమానము సిద్ధమగుచుండగా ఆ భయమే తొలగిపోవుచుండెను. ప్రభుత్వమునకు అప్పులు మెండుగ నుండెను. 1990లో రక్షణ మంత్రియగు డిక్ చెనీ ఈ సంఖ్యను 132 నుండి 75కు తగ్గించెను. 1991 డిసెంబరులో సోవియట్ యూనియను అంతరించెను. 1992 జనవరిలో అధ్యక్షుడగు జార్జి బుష్ (తండ్రి), 20 విమానములతో పని ఆపుదుమని కాంగ్రెసు ఎదుట ప్రకటించెను. పరీక్షల కొఱకు కట్టిన మొదటి విమానమును తరువాత బాగుచేసి సేనలో చేర్చుకొనగా మొత్తము 21 అయ్యెను.

ఇప్పుడు లెక్క చూతము. 1997 నాటి వెలలనుబట్టి పథకమునకంతటికి అయిన వ్యయము దాదాపు 4,475 కోట్ల డాలర్లు. దీనిని 21 చేత భాగించినచో ఒక్కొక్క విమానమునకు సుమారు 213 కోట్ల డాలర్లు వచ్చును. “బి-2 విమానము వెల 200 కోట్ల డాలర్లకు పైమాట” అని లోకమంతట వ్యాపించిన వాక్యము ఈ భాగహారమునుండి పుట్టినదే. అయితే ఇందు విమానమును, దానికి కావలసిన విడిభాగములు మున్నగువానిని సమకూర్చుకొనుటకైన వ్యయము ఒక్కొక్కదానికి దాదాపు 93 కోట్లు మాత్రమే. తక్కినదంతయు పరిశోధన, రూపకల్పన, పరీక్షలు మొదలగు మూలవ్యయము. అది మొత్తముమీద సుమారు 2,500 కోట్ల డాలర్లు. ఆ బరువును 21 విమానములకు పంచగా ఒక్కొక్కదానిపై దాదాపు 119 కోట్లు పడెను. అదే 132 విమానములకు పంచియున్నచో ఒక్కొక్కదానిపై 19 కోట్లు మాత్రమే పడియుండును. సంఖ్య ఆఱవ వంతునకు తగ్గినది. మూలవ్యయపు పాలు ఆఱు రెట్లైనది. లెక్క సరిగానే యున్నది.

ఎఫ్-22 యుద్ధవిమానము

ఎఫ్-22 అను పోరువిమానపు చరిత్రయు ఇట్టిదే. గగనతలమున శత్రువిమానములను జయించుటకై ఉద్దేశింపబడిన ఈ విమానములు 750 కావలయునని 1980లలో తలచిరి. 1991లో రెండు నమూనాలను పోల్చి చూచి లాక్‌హీడ్ కంపెనీ వర్గమువారి దానిని ఎన్నుకొనిరి. అప్పటినుండి ప్రతి పునర్విచారణయందును సంఖ్య ఒక మెట్టు దిగుచు వచ్చెను. 750 పోయి 648, పిమ్మట 442, పిమ్మట 339. తుదకు 2009 ఏప్రిలులో రక్షణ మంత్రియగు రాబర్ట్ గేట్స్ 187తో ఆపవలయునని ప్రతిపాదించెను. అప్పుడు జరుగుచున్న ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధములయందు ఈ విమానమునకు పని కలుగలేదనియు, ఉన్న ధనమును ఆ యుద్ధములకు కావలసిన వస్తువులకై వెచ్చింపవలయుననియు ఆయన వాదించెను.

ఆ ప్రతిపాదనమును అందఱును మెచ్చుకొనలేదు. విమానపు భాగములను చేయు కర్మాగారములు నలుబదికి పైగా రాష్ట్రములలో నుండెను. ఆ రాష్ట్రముల ప్రతినిధులకు ఇది సైనికుల ప్రశ్న మాత్రమే కాక, తమ యూళ్ల పనివారి కూటి ప్రశ్నయు నయ్యెను. మఱి ఏడు విమానములకై 175 కోట్ల డాలర్లను పట్టికలో చేర్చిరి. అధ్యక్షుడగు బరాక్ ఒబామా, అట్టి పట్టికను తాను నిరాకరింతునని ముందుగానే తెలిపెను. 2009 జూలై 21న సెనెటు సభ 58 ఓట్లకు 40 ఓట్ల తేడాతో ఆ మొత్తమును కొట్టివేసెను. కట్టడము ముగిసి, కడపటి విమానము 2012 మే నెలలో సేనకు అప్పగింపబడెను.

కథ అంతటితో ముగియలేదు. పిమ్మట కొన్ని యేండ్లకు, చైనా, రష్యాల విమానబలము పెరుగుచుండుట చూచి, మరల ఎఫ్-22లను కట్టింపరాదాయని కాంగ్రెసులోని కొందఱు అడిగిరి. 2017లో వాయుసేనవారు లెక్కవేసి ఉత్తరమిచ్చిరి. మఱి 194 విమానములు కావలయునన్న దాదాపు 5,000 కోట్ల డాలర్లు కావలయునని ఆ లెక్క. ఆఱిన పొయ్యిని తిరిగి రాజేయుట సులభము కాదు. కర్మాగారము వేఱు పనికి మాఱినది, నేర్పరులు చెదరిపోయిరి, భాగములు చేయు చిన్న కంపెనీలలో కొన్ని ఆ పనినే మానుకొనెను. మూలవ్యయములో కొంత రెండవసారి పెట్టవలసినదే. కావున ఆ యోచనను విడిచిపెట్టిరి.

గుండు లేని ఫిరంగి

ఈ మూడవ కథ తక్కిన రెండింటికంటె చిత్రమైనది. అమెరికా నౌకాసేనవారు తీరమునకు దూరముగ నిలిచి భూమిమీది లక్ష్యములను కొట్టగల క్రొత్త తరహా యుద్ధనౌకలు 32 కావలయునని యోచించిరి. నౌకకు రెండేసి పెద్ద ఫిరంగులు. అఱువది నావిక మైళ్లకు మించిన దూరమునకు సూటిగా పోవు ప్రత్యేకమైన గుండ్లను ఆ ఫిరంగులకొఱకే రూపొందించిరి. నౌకల వెల పెరుగుచుండగా 32 పోయి 24, 24 పోయి 7, తుదకు 3 మాత్రమే మిగిలెను. మూటికిని కలిపి పథకమునకైన వ్యయము సుమారు 2,200 కోట్ల డాలర్లు. వానిలో మొదటిది, ‘జుమ్‌వాల్ట్’ అను పేరుగలది, 2016 అక్టోబరు 15న బాల్టిమోర్ రేవునందు నౌకాసేనలో చేర్చుకొనబడెను.

నౌకలు తగ్గినపుడు గుండ్లును తగ్గవలసినవే గదా! వేలకొలది గుండ్లు చేయుదుమను తలంపుతో మొదలిడిన పనికి ఇప్పుడు కొద్ది గుండ్లే చాలును. ఆ గుండ్ల మూలవ్యయమంతయు ఆ కొద్దిపాటి గుండ్లమీదనే పడెను. ఒక్కొక్క గుండు వెల దాదాపు 8 లక్షల డాలర్లకు పెరిగెను. ఒక్కసారి ప్రేల్చినంతలో నశించిపోవు వస్తువునకు ఇంత వెల పెట్టజాలమని 2016లోనే ఆ గుండ్ల కొనుగోలు మానిరి. ఆ ఫిరంగులు వేఱు గుండ్లను ప్రేల్చునట్లు చేయబడినవి కావు. కనుక గొప్ప ఫిరంగులు నౌకలపై ఊరక నిలిచెను. వానిని తీసివేసి, వాని చోట అతివేగముగ పోవు క్షిపణులకు గొట్టములు అమర్చుటకై 2023లో జుమ్‌వాల్ట్ నౌకను మిసిసిపీ రాష్ట్రమందలి పాస్కగూలా నౌకాశాలకు తీసికొనిపోయిరి. నౌకల సంఖ్యను తగ్గించినవారు ఫిరంగిని తీసివేయుమని చెప్పలేదు. భాగహారమే ఆ పని చేసినది.

ఇట్టివి ఇంకను పెక్కు గలవు. 29 కట్టదలచిన సీవుల్ఫ్ తరగతి జలాంతర్గాములలో మూడే కట్టబడెను. కమాంచి అను హెలికాప్టరుపై దాదాపు 700 కోట్ల డాలర్లు వెచ్చించి, రెండు నమూనాలు మాత్రము చేసి 2004లో విడిచిరి. ఈ యవస్థ అమెరికాకు మాత్రమే చెందినది కాదు. బ్రిటిషువారు టి.ఎస్.ఆర్.-2 అను విమానమును 1964 సెప్టెంబరులో ఎగురవేసి, 1965 ఏప్రిల్ 6 నాటి ఆయవ్యయ ప్రసంగములోనే దానిని రద్దుచేసిరి.

ఇది ఏల జరుగుచున్నది?

కారణములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది, ఆరంభమునందలి ఆశ. పథకమును ఆమోదింపజేయగోరువారు తక్కువ వెలను చెప్పుదురు. ఇంతవఱకు ఎవరును చేయని వస్తువు గనుక ఆ అంచనాను ఖండించుట కష్టము. పెండ్లి తలపెట్టినపుడు వేసిన లెక్కకును, పెండ్లి ముగిసిన పిమ్మటి లెక్కకును గల భేదమును ఎఱుగని గృహస్థుడెవడు?

రెండవది, కాలము. పెద్ద ఆయుధమును తలపెట్టిననాటికిని, అది సేనకు చేరునాటికిని నడుమ ఇరువది యేండ్లు గడచుట అరుదు కాదు. బి-2 విషయమున వలె, ఇంతలో శత్రువే మాఱిపోవచ్చును.

మూడవది, రూపము స్థిరపడకమున్నే పని మొదలిడుట. ద్వారబంధములు ఎత్తిన తరువాత గది కొలతలు మార్చినచో ఎంత నష్టమో మనమెఱుగుదుము.

నాల్గవది, సాగదీత. ఆ యేటికి ధనము చాలదని ఏటికి ఇరువది చేయవలసిన చోట పది చేయుదురు. కర్మాగారము అద్దె, పనివారి జీతములు పూర్తిగ ఇచ్చుచునే యుండవలయును. ఆ సంవత్సరము మిగిలినట్లు కనబడినది పిమ్మట వడ్డీతో తిరిగివచ్చును.

ఈ నాలుగును కూడినపుడు సుడిగుండమొకటి ఏర్పడును. వెల పెరుగుటచేత సంఖ్యను తగ్గింతురు; సంఖ్య తగ్గుటచేత వెల పెరుగును; పెరిగిన వెలను చూచి మరల సంఖ్యను తగ్గింతురు. అమెరికా సేనాశాఖయందు ఉన్నతోద్యోగము చేసి, పిమ్మట విమాన కంపెనీకి అధిపతియైన నార్మన్ ఆగస్టీన్ ఈ ధోరణిని లెక్కగట్టి ఒక పరిహాసము చేసెను. విమానముల వెల ఇట్లే పెరిగినచో 2054వ సంవత్సరమున రక్షణ శాఖ ధనమంతటితో ఒక్క విమానమే వచ్చుననియు, దానిని వాయుసేనయు నౌకాసేనయు వారములో చెఱిసగము దినములు వాడుకొనవలసి యుండుననియు ఆయన చెప్పెను.

దీనిని అరికట్టుటకై అమెరికాలో 1980ల తొలిభాగమున చట్టమొకటి చేసిరి. సెనెటరు నన్, ప్రతినిధి మెక్‌కర్డీ అను ఇద్దఱి పేరిట దానిని పిలుతురు. ఒక్కొక్క వస్తువునకు పడు వెల అప్పటి అంచనాకు నూటికి 25 వంతులు మించినచో, ఆ పథకము దేశమునకు అత్యవసరమని రక్షణ శాఖ కాంగ్రెసునకు ధ్రువపఱుపవలయును. లేనిచో దానిని రద్దుచేయవలయును. జుమ్‌వాల్ట్ నౌకలు 2010లో ఈ హద్దును దాటెను. నౌకల సంఖ్యను తగ్గించుటయే దానికి ముఖ్యకారణము.

సరాసరి కలిగించు రెండు భ్రమలు

ఈ విషయమున బుద్ధిమంతులును రెండు విధముల పొరబడుచుందురు. విద్యార్థులు దీనిని శ్రద్ధగ గమనింతురు గాక.

మొదటి భ్రమ: “ఒక్కొక్కటి 213 కోట్లు గనుక ఒక విమానము మానుకొన్న 213 కోట్లు మిగులును.” అట్లు మిగులవు. మూలవ్యయము ఇదివఱకే వెచ్చమైపోయినది. విమానము మానుకొన్న మిగులునది ప్రతివస్తు వ్యయము మాత్రమే. మన సంచిక లెక్కలో 100 ప్రతులు వేసినపుడు ప్రతి వెల 250 రూపాయలైనను, నూటయొకటవ ప్రతికి 50 రూపాయలే చాలును. కావున సంఖ్యను తగ్గించువారు తాము తలచినంత మిగుల్చుకొనలేరు.

రెండవ భ్రమ దీనికి వ్యతిరేకము: “ఇన్ని వేల కోట్లు వెచ్చించితిమి, ఇప్పుడు ఆపిన అంతయు వ్యర్థము, కావున కొనసాగింపవలయును.” ఇదియు సరికాదు. పోయిన ధనము కొనసాగించినను తిరిగిరాదు, ఆపినను తిరిగిరాదు. నూటయొకటవ ప్రతికి 50 రూపాయలే యని, చదువువాడు లేకున్నను దానిని అచ్చువేయింతుమా?

కావున ఏ దశయందైనను అడుగవలసిన ప్రశ్న యొకటే: ఇకమీదట పెట్టబోవు ధనమునకు, ఇకమీదట కలుగబోవు ప్రయోజనము తగునా? సరాసరి వెల గతమును గూర్చి చెప్పును. ఈ ప్రశ్న భవిష్యత్తును గూర్చినది. 1992లో బి-2ను ఆపినవారిని ఈ ప్రశ్నతోనే తూచవలయును. శత్రువు లేని వేళ 75 బాంబరులేల యనిన వారి మాటయందు న్యాయము కలదు. శత్రువు మరల పుట్టడని ఎవరు హామీ యిత్తురని అడిగినవారి మాటయందును న్యాయము కలదు. గణితము ఈ వివాదమును తీర్పజాలదు. వివాదము దేనిని గూర్చినదో మాత్రము స్పష్టపఱుపగలదు.

కొద్దిపాటి వస్తువులవలని చిక్కులు

సంఖ్య తగ్గిన తరువాత మిగిలినవానిని కాపాడుకొనుటయు కష్టమే. 2008 ఫిబ్రవరి 23న గువాము ద్వీపమున ఒక బి-2 విమానము నేలవిడుచునపుడే కూలెను. గాలియొత్తిడిని కొలుచు సాధనములలో తేమ చేరి తప్పు కొలతలు చూపుటయే కారణమని తేలినది. చోదకులిద్దఱును బ్రతికిరి. 132 విమానములు గల సేనకు ఒకటి పోయిన నూటికి ఒకటికంటె తక్కువ నష్టము. 21 గల సేనకు నూటికి దాదాపు 5 వంతులు. 2022 డిసెంబరులో మఱియొకటి ప్రమాదమున చెడిపోగా, దానిని బాగుచేయుటకు అగు వ్యయము తగదని 2024లో విడిచిరి. అందుచేత 19 మిగిలెను. కొద్దిపాటి విమానములకై విడిభాగములు చేయువారికి లాభము తక్కువ. చేసినను వెల ఎక్కువ. ఇట్లు సుడిగుండము కట్టడముతో ఆగక పోషణములోనికిని వ్యాపించును.

మొదటనే హద్దు గీయుట

ఈ పాఠమును ఆ దేశమువారు కొంతవఱకు నేర్చుకొన్నట్లు కనబడుచున్నది. బి-2 తరువాత రావలసిన బి-21 అను బాంబరునకు 2015 అక్టోబరులో ఒప్పందము చేసికొనిరి. కనీసము 100 విమానములు కావలయునని వారి యుద్దేశము. 2010 నాటి వెలలనుబట్టి ఒక్కొక్క విమానము సరాసరిన 55 కోట్ల డాలర్లకు మించరాదని పథకము ఆరంభమునందే హద్దు గీచిరి. ఆ హద్దునకు లోబడి రూపమును కల్పింపుడని నిర్మాతలకు చెప్పిరి. అదివఱకే పరీక్షింపబడిన భాగములను సాధ్యమైనంతవఱకు వాడుకొనిరి. 2023 నవంబరులో అది తొలిసారి ఎగిరెను. హద్దు తుదివఱకు నిలుచునో లేదో కాలము చెప్పవలయును. కాని హద్దును చివర గీయుటకును మొదట గీయుటకును గల భేదమును వారు గుర్తించిరి.

గృహస్థులకు ఇది క్రొత్త సంగతి కాదు. నాలుగంతస్తులకు పునాది వేసి, ధనము చాలక ఒక్క అంతస్తుతో నిలిపిన ఇండ్లు మన యూళ్లలో ఎన్ని లేవు? పై యంతస్తులు కట్టనందున ధనము మిగిలినదని ఆ యజమాని చెప్పుకొనవచ్చును. భూమిలో పూడిన ఇనుము, సిమెంటు మాత్రము అతనికి తిరిగి రావు. గోపురము కట్టదలచినవాడును, యుద్ధమునకు పోదలచిన రాజును మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలయునని సువార్తలో మనము చదువుచున్న ఉపమానము సరిగా ఈ సంగతినే బోధించుచున్నది. అందలి ముఖ్యపదము “మొదట” అనునదే.

ఇందు పణముగ నున్నది సామాన్యుని ధనము. పెద్ద యుద్ధమున సేనలను నడిపినవాడే యైన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, 1953 ఏప్రిల్ 16న పత్రికా సంపాదకుల ఎదుట ప్రసంగించుచు, ఒక్క బాంబరు విమానపు వెలతో ముప్పదికి పైగా నగరములలో ఒక్కొక్క ఇటుకల పాఠశాల కట్టవచ్చునని లెక్కచెప్పెను. దేశరక్షణము అక్కఱలేదని ఆయన భావము కాదు; ఆయనయే బాంబరులను కట్టించెను. ఒకదానికై ఇచ్చినది మఱియొకదానినుండి తీసినదేయని ప్రజలెఱుగవలయునని ఆయన కోరెను. సగములో విడువబడిన ఆయుధము వలన రక్షణయు పూర్తిగ కలుగదు, పాఠశాలయు కలుగదు. మితిమీఱిన వ్యయమును నిందించుట సులభము. ఆరంభమున వేసిన అంచనాను ప్రశ్నించుట కష్టము. నేటి విద్యార్థులు రేపు ఓటు వేయువారును, పన్ను కట్టువారును, కొందఱు లెక్కలు వ్రాయువారును అగుదురు. వారు ఈ రెండవ పనిని నేర్చుకొనవలయును.

కడపట మా విద్యార్థులకు ఒక చిన్న లెక్క నిచ్చుచున్నాము. పైన ఊహించిన సంచికకు మూలవ్యయము 20,000 రూపాయలు, ప్రతివస్తు వ్యయము 50 రూపాయలు. ఒక్కొక్క ప్రతికి సరాసరి 60 రూపాయలకు మించరాదనినచో కనీసము ఎన్ని ప్రతులు అచ్చువేయింపవలయును? సమాధానము తేలిన పిమ్మట, అన్ని ప్రతులను చదువువారు కలరాయని కూడ ఆలోచింపవలయును. మొదటి ప్రశ్నకు ఉత్తరము గణితపుస్తకమున దొరకును. రెండవదానికి ఊరిలోనికి పోయి విచారింపవలయును.